పిస్టన్ వెనక్కి పోనంటే

వెనక చక్రం బ్రేకు పట్టేసిన కారు షెడ్డుకొస్తే అక్కడ రెండు మాటలు వినిపిస్తాయి. కాలిపర్ మొత్తం మార్చెయ్యాలని ఒకరంటారు. పిస్టన్ వెనక్కి తిప్పి సీళ్ల కిట్ వేస్తే చాలని ఇంకొకరంటారు. ఈ రెండు మాటలకూ ఇద్దరు మనుషుల్ని నేనే కల్పించాను. ఒకాయన అంబాసిడర్ల కాలం నుంచి విజయవాడ ఆటోనగర్‌లో పని చేస్తున్న మేస్త్రి. రెండోవాడు ఆయన మేనల్లుడు. డిప్లొమా చదివి, కొన్నాళ్లు ఒక కంపెనీ సర్వీస్ సెంటర్లో చేసి, ఇప్పుడు మావయ్య షెడ్డుకే వచ్చాడు. కారు 2010 నాటి స్కోడా లారా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, హ్యాండ్ బ్రేకు లాగింది లాగినట్టే నీళ్లలో ఉండిపోయిన బండ్లలో అదొకటి అనుకోండి. ఇటీవల వెనక ప్యాడ్లు మార్పించారు. మర్నాటి నుంచి కుడి వెనక చక్రం కాలిపోతోంది.

అల్లుడు: ఇందులో ఆలోచించేదేముంది మావయ్యా? కుడి వెనక కాలిపర్ పోయింది. కొత్తది తెప్పిద్దాం. రెండు బోల్టులు, ఒక హోసు, ఒక కేబులు. బ్లీడింగ్ చేసి సాయంత్రానికి బండి ఇచ్చేద్దాం.

మావయ్య: కాలిపర్ పోయిందని ఎవరు చెప్పార్రా నీకు?

అల్లుడు: చక్రమే చెప్పింది. బెంజి సర్కిల్ దాకా వెళ్లొచ్చి థర్మామీటర్ పెట్టి చూశా. ఎడమది చెయ్యి ఆనించగలిగేలా ఉంది. కుడిదాని మీద నీళ్లు చల్లితే చుర్రుమంటోంది. వాసన నీకూ వస్తూనే ఉందిగా.

మావయ్య: చక్రం వేడెక్కిందని చెప్పింది, అంతే. ఎందుకు వేడెక్కిందో చెప్పలేదు. హ్యాండ్ బ్రేకు కేబులు ఇరుక్కుపోయినా ఇంతే, కాలిపర్ జారే పిన్నులు బిగుసుకున్నా ఇంతే, హోసు లోపల మూసుకున్నా ఇంతే. పిస్టన్ సంగతి ఆఖర్న. వీటన్నిట్లోకీ ఖరీదైనదాన్ని నువ్వు ముందే పట్టుకున్నావు.

అల్లుడు: కేబులు చూశా. కాలిపర్ మీది లివరు పూర్తిగా వెనక్కొచ్చి దాని ఆపు దగ్గర ఆగుతోంది. పిన్నులు చేత్తో లాగితే జారుతున్నాయి. హోసు బయటికి బానే ఉంది, పగుళ్లేం లేవు.

మావయ్య: హోసు పాడయ్యేది లోపలి గోడ. రబ్బరు ఉబ్బి దారి సన్నబడుతుంది. కాలు తొక్కినప్పుడు ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆయిలు ఎలాగో దూరిపోతుంది. కాలు తీశాక దాన్ని వెనక్కి నెట్టేదేమీ లేదు. పిస్టన్‌ను పట్టుకుని అక్కడే కూర్చుంటుంది. అలాంటి బండికి కొత్త కాలిపర్ వేశావనుకో, నెల తిరక్కుండా మళ్లీ ఇదే వాసనతో వస్తుంది.

అల్లుడు: మరి తేల్చుకునేదెలా?

మావయ్య: చక్రం పట్టేసి ఉన్నప్పుడే బ్లీడింగ్ నిపుల్ అర చుట్టు విప్పు. ఆయిలు చిమ్మి చక్రం వదిలేసిందా, ఒత్తిడి లోపల ఇరుక్కుందని అర్థం. అప్పుడు హోసు చూడు, ఆ పైన మాస్టర్ సిలిండరు చూడు. నాలుగు చుక్కలు కారి చక్రం అలాగే ఉందా, అడ్డు కాలిపర్‌లోనే ఉంది.

అల్లుడు: (విప్పి, చక్రం తిప్పబోయి) వదల్లేదు.

మావయ్య: ఇప్పుడను, కాలిపర్ అని.

అల్లుడు: నేను మొదట చెప్పిందీ అదే కదా!

మావయ్య: అప్పుడు ఊహించావు.

(ఈ పరీక్షకు ఒక పానా, ఒక గుడ్డపేలిక, రెండు నిమిషాలు చాలు. అయినా బిల్లులో కాలిపర్ పడ్డ బండ్లలో ఎన్నింటికి ఇది చేశారో అడిగితే చాలా షెడ్లలో మాట మారుస్తారు. మీ బండి చక్రం పట్టేస్తే మీరే అడగండి: నిపుల్ విప్పి చూశారా అని.)

అల్లుడు: సరే, కాలిపరే అని తేలింది. ఇక మార్చడానికి అడ్డేముంది?

మావయ్య: ప్యాడ్లు మార్చకముందు ఈ బండి బాగానే నడిచిందా లేదా?

అల్లుడు: నడిచిందట. వరద తగ్గాక డిస్కులకు అంటుకుపోయిన ప్యాడ్లు ఊడదీసి, శుభ్రం చేసి ఏడాది పైనే నడిపారు. ప్యాడ్లు అరిగాయని మార్పించారు. మర్నాటి నుంచే ఈ గోల. ఓనరు ఆ మార్చినవాణ్ణి తిట్టని తిట్టు లేదు.

మావయ్య: ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ బయటికొస్తుంది, అవునా? ఇది ఒక్క పిస్టన్ ఉన్న జారే కాలిపర్. లోపలి ప్యాడ్‌ను పిస్టన్ నొక్కుతుంది, బయటి ప్యాడ్‌ను కాలిపరే జరిగొచ్చి లాక్కుంటుంది. రెండు ప్యాడ్ల అరుగుదలనూ పూడ్చాల్సింది ఆ ఒక్క పిస్టనే. కొత్త ప్యాడ్ మీద 10 మి.మీ. మందం ఉండి, అది 3 మి.మీ.కి అరిగిందనుకో. ఒక్కో ప్యాడ్‌కు 7, రెంటికీ కలిపి పిస్టన్ 14 మి.మీ. బయటికొచ్చి నిలబడుతుంది. డిస్కు అరిగింది ఇంకా అదనం. ఆ భాగాన్ని కాపాడేది పైనున్న రబ్బరు బూటొక్కటే. ఇదిగో చూడు, బూటు చిరిగింది. బుడమేరు బురద ఇందులోనే ఎండిపోయింది. ఏడాదిగా ఆ 14 మి.మీ. మేరా తుప్పు పడుతోంది. బయట ఉన్నన్నాళ్లూ ఆ తుప్పుతో ఎవరికీ పేచీ లేదు. కొత్త ప్యాడ్లు పట్టాలని పిస్టన్ వెనక్కి తిప్పిన రోజున తుప్పంతా సీలు గుండా లోపలికెళ్లింది.

అల్లుడు: తిప్పకపోతే కొత్త ప్యాడ్లు పట్టవు కదా?

మావయ్య: తిప్పాల్సిందే. తుడవకుండా తిప్పాడు.

అల్లుడు: నువ్వు చెప్పిన కారణం ఒప్పుకుంటా. కానీ దాంతో నా మాటే బలపడుతోంది చూడు. కాలు తీసినప్పుడు పిస్టన్‌ను వెనక్కి లాగేది స్ప్రింగు కాదు, సీలు. చదరపు కోత ఉన్న ఆ రబ్బరు రింగు, పిస్టన్ ముందుకెళ్లినప్పుడు దాంతోపాటు కొద్దిగా ఒరుగుతుంది. ఒత్తిడి పోగానే నిటారుగా లేస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడ్ డిస్కును వదిలేది ఆ వెంట్రుకవాసి వల్లనే. తుప్పు కింద పడి గీసుకుపోయిన సీలు, గరుకెక్కిన పిస్టన్, ఈ రెండూ కలిసి ఆ పని చెయ్యలేవు. అందుకే మొత్తం మార్చేద్దామంటున్నా.

మావయ్య: సీలు మార్చు. కావాలంటే పిస్టన్ మార్చు. ఒళ్లంతా ఎందుకు పారేస్తావు? లారాలు అమ్మడం ఆపి పదేళ్లు దాటింది. ఒరిజినల్ కాలిపర్ ఎప్పుడొస్తుందో దుకాణంవాడికే తెలీదు. ఈలోగా పేరు తెలియని డబ్బాలో మెరిసే కాలిపర్ ఒకటి తెస్తావు. దాని లోపల ఏ రబ్బరుందో నీకు తెలుసా?

అల్లుడు: నీ కిట్‌లో రబ్బరు సంగతి నీకు మాత్రం తెలుసా?

మావయ్య: తెలీదు. అందుకే కిట్ ఎక్కడ కొనాలో చూసుకుంటా. ముందు పిస్టన్ బయటికి రానీ, తర్వాత పోట్లాడదాం.

అల్లుడు: బయటికా? లోపలికి పోనని మొరాయిస్తుంటే బయటికి తీస్తావా?

మావయ్య: పట్టేసినదాన్ని లోపలికి పంపాలంటే ముందు బయటికి రావాలి. ప్యాడ్లు తీసెయ్. పిస్టన్ పూర్తిగా ఊడి పడకుండా ఎదురుగా చెక్కముక్క పెట్టు. నువ్వు లోపల కూర్చుని పెడలు మెల్లిగా తొక్కు, నేనిక్కడ చూస్తుంటా.

అల్లుడు: కంప్రెసర్ గాలి కొడితే ఒక్క దెబ్బకు వస్తుంది కదా?

మావయ్య: ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావో గానీ ఇక్కడ మర్చిపో. లెక్కలు నీకే బాగా వచ్చు, చెప్పు. 38 మి.మీ. పిస్టన్, 8 బార్ గాలి.

అల్లుడు: వైశాల్యం 11 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. దగ్గర దగ్గర 90 కిలోల తోపు.

మావయ్య: ఆ తోపు చాలక పిస్టన్ కదలదనుకో. కదిలిన క్షణంలో లోపలి గాలంతా వ్యాకోచించి దాన్ని తూటాలా వదుల్తుంది. ఎదురుగా వేళ్లు పెట్టి పోగొట్టుకున్నవాళ్లు ఈ ఆటోనగర్‌లోనే ఉన్నారు. ఆయిలు అలా కాదు, నొక్కితే కుదించుకుపోదు. పిస్టన్ కదలగానే ఒత్తిడి పడిపోతుంది. పైగా బలమూ ఎక్కువే. పెడలు గట్టిగా తొక్కితే గొట్టంలో 70, 80 బార్ దాకా లేస్తుంది.

అల్లుడు: అంటే 800 కిలోల పైమాటే. సరే, గాలి వద్దు. పోనీ కాస్త గ్యాస్ మంట చూపిస్తే?

మావయ్య: పూర్వం నేనూ అదే అనేవాణ్ణి. ఇప్పుడు నువ్వే నాకు అడ్డం పడాల్సింది.

అల్లుడు: నిన్ను పరీక్షిద్దామనే అడిగా. సీలు కాలుతుంది, బ్రేక్ ఆయిలు అంటుకుంటుంది. ఇంకో సంగతి నీకు తెలుసో లేదో, కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ ఉన్న ద్రవాలుంటాయి. అవి కొట్టిన చోట వెల్డింగో మంటో తగిలితే ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువది.

మావయ్య: అది నాకు తెలీదురా.

(పెడలు తొక్కగా పిస్టన్ కొద్దికొద్దిగా బయటికొస్తుంది. ముందు బురద, వెనకే ఎర్రటి పొర. అక్కడే ఆపి బూటు పక్కకు జరిపి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి చూడాలి. కింద మెరుపు కనిపిస్తే ఒక కథ, వేలిగోరు తగిలే గుంటలు కనిపిస్తే ఇంకో కథ. గోరు తగిలితే ఆ పిస్టన్‌కు ఎమరీ పేపరు పని చెయ్యదు. పైపూత లేచిపోయాక మళ్లీ తుప్పు పట్టడానికి ఒక్క వానాకాలం చాలు.)

అల్లుడు: గుంటలున్నాయి మావయ్యా.

మావయ్య: ఉన్నాయి. ఈ పిస్టన్ పనికిరాదు. పూర్తిగా తీసెయ్. లాగితే రాదు, అపసవ్యంగా తిప్పుతూ రావాలి. లోపల మరుంది.

అల్లుడు: అదే నేనూ చెప్పబోతున్నది. ముందుచక్రం కాలిపర్ అయితే నీ పద్ధతికి నేనేమీ అనను. అది ఉత్త పిస్టన్, నెడితే పోతుంది. వెనక కాలిపర్‌లో హ్యాండ్ బ్రేకు కూడా కలిసుంటుంది. పిస్టన్ లోపల ఒక స్క్రూ, దాని మీద నట్టు, ప్యాడ్ అరిగిన మేరకు తనంతట తాను సర్దుకునే ఏర్పాటు. అందుకే సి-క్లాంప్ పెట్టి బిగిస్తే పోదు. ప్యాడ్లు మార్చినవాడు క్లాంప్ వేశాడో, నొక్కుతూ తిప్పే టూలు వాడాడో ఎవడికి తెలుసు? క్లాంప్ వేసి ఉంటే ఆ స్క్రూ పళ్లు ఇప్పటికే నలిగి ఉంటాయి. నువ్వు కొత్త సీలు, కొత్త పిస్టన్ వేసి ఇస్తావు. చక్రం బాగానే వదులుతుంది. ఓ రాత్రి కొండపల్లి గుట్ట మీద బండి ఆపి హ్యాండ్ బ్రేకు లాగుతాడు. అది పట్టదు. అప్పుడు జవాబుదారీ ఎవరు?

మావయ్య: ఇది మంచి ప్రశ్న. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సగం జవాబుంది. వాచిన వేలి మీది ఉంగరాన్ని గుంజకుండా తిప్పుతూ తీసినట్టు, పిస్టన్‌ను చేత్తో తిప్పి చూడు. స్క్రూ పొడవునా ఒకే నునుపుతో తిరగాలి. ఎక్కడైనా గుటుక్కుమన్నా, ఉత్తినే జారినా ఆ ఒళ్లు పారెయ్. లివరు షాఫ్టు దగ్గర తడి ఉన్నా పారెయ్. అక్కడి సీలు మార్చాలంటే స్ప్రింగు నొక్కి సర్క్లిప్ తియ్యాలి, చాలామంది చెయ్యలేరు. నేనూ సరదాకి చెయ్యను.

అల్లుడు: చూశావా, నీ నోటితోనే పారెయ్యమంటున్నావు.

మావయ్య: పారెయ్యాల్సినప్పుడు పారేస్తా. నువ్వు చూడకుండానే పారేస్తున్నావు. తిప్పి చూడు.

అల్లుడు: (తిప్పి) నునుపుగానే ఉంది. లివరు దగ్గర పొడిగా ఉంది. కానీ బోరు చూడు, గోడ మీద నల్ల మచ్చలు. సర్వీస్ సెంటర్లో అయితే ఇది చూడగానే పక్కన పెట్టేస్తారు.

మావయ్య: నేనూ పెట్టేవాణ్ణి. అంబాసిడర్ వీల్ సిలిండర్ తెలుసుగా? అందులో రబ్బరు కప్పు పిస్టన్‌తోపాటు బోరు గోడను రాసుకుంటూ వెళ్తుంది. అక్కడ గోడ మీద గీత పడితే ఆయిలు కారినట్టే. హోనింగ్ చెయ్యాలి, లేదా మార్చాలి. చేతిలో సిలిండర్ పట్టుకుని వెలుతుర్లో గోడ చూడ్డం మా తరానికి అలవాటైపోయింది. డిస్కులొచ్చాక కూడా ఆ అలవాటుతోనే ఎన్నో మంచి కాలిపర్లు పారేశారు. దీంట్లో సీలు ఎక్కడుంది?

అల్లుడు: బోరులో, గాడిలో.

మావయ్య: గాడిలో కూర్చునుంది, కదలదు. దాని గుండా జారేది పిస్టన్. అంటే ఆయిల్ని ఆపుతున్నది పిస్టన్ ఒంటి నునుపు, గాడి అడుగు. ఈ మచ్చలున్న గోడ దేన్నీ ఆపడం లేదు. పిస్టన్ దానికి తగలకుండా పోవాలి, అంతే. మచ్చలు శుభ్రం చేసి వదిలెయ్. గాడి మాత్రం సూదిమొనతో గీకి, తుప్పు రవ్వ కూడా లేకుండా చూడు. గాడి అడుగున తుప్పు పేరుకుంటే సీలు పైకి లేచి పిస్టన్‌ను గట్టిగా పట్టేస్తుంది. అక్కడ గుంటలు పడితే ఆయిలు వెనక నుంచి కారుతుంది.

(ఇక్కడ అల్లుడు కొంచెం సేపు మాట్లాడడు. మేస్త్రి మాట నిజం. సీలు పిస్టన్‌తో నడుస్తుందా, బోరులో కూర్చుంటుందా అన్నది తేల్చుకుంటే, ఏ లోహం ముఖం నునుపుగా ఉండాలో తెలిసిపోతుంది. బాగుచెయ్యొచ్చా, మార్చాలా అన్న తగాదాలో సగం అక్కడే తీరాలి.)

అల్లుడు: గాడి బాగానే ఉంది. ఈ విషయంలో నువ్వే గెలిచావు. కానీ నువ్వా డబ్బాలో పోస్తున్నదేంటి?

మావయ్య: పెట్రోలు. కడగొద్దూ?

అల్లుడు: ఇదిగో, మీ షెడ్లతో నాకున్న తగాదా ఇదే. ఈ సీళ్ల రబ్బరుకు పెట్రోలు, డీజిలు, ఇంజన్ ఆయిలు, మామూలు గ్రీజు ఏవీ పడవు. ఉబ్బిపోతుంది. ఉబ్బిన సీలు పిస్టన్‌ను పట్టేస్తుంది. నువ్వు కష్టపడి తీసిన జబ్బును నువ్వే మళ్లీ పెడుతున్నావు. కడగడానికి బ్రేక్ క్లీనరు, లేదా స్పిరిట్. బిగించేటప్పుడు తాజా బ్రేక్ ఆయిలు. పిన్నులకు సిలికాన్ గ్రీజు. చక్రం బేరింగు డబ్బాలోని గ్రీజు వేలితో తీసి పూస్తావే, అది కాదు.

మావయ్య: లోహాన్ని కడుగుతున్నా, రబ్బరును కాదు.

అల్లుడు: ఆ లోహం మూలల్లో మిగిలిన పెట్రోలు రబ్బరుకు తగలదా?

మావయ్య: ... స్పిరిట్ సీసా పైనుంది, అందుకో.

అల్లుడు: ఇంకోటి. కొత్త పిస్టన్ ఎక్కించి లోపలికి తిప్పేటప్పుడు నువ్వు నిపుల్ మూసి తిప్పుతావు. కాలిపర్‌లో ఉన్న ఆయిలంతా వెనక్కి ఏబీఎస్ యూనిట్‌లోకి పోతుంది. పదిహేనేళ్ల బండి, వరదనీళ్లు తాగిన బండి. ఆ మురికి ఏబీఎస్ కవాటాల్లోకి ఎక్కిందంటే కాలిపర్ ధర చిల్లరలా కనిపిస్తుంది.

మావయ్య: నిపుల్ విప్పి తిప్పితే గాలి పోదూ?

అల్లుడు: నిపుల్‌కు సన్న గొట్టం తగిలించి, దాని కొన ఆయిలున్న సీసాలో ముంచు. విప్పు, తిప్పు, తిప్పడం ఆపేముందే బిగించు. మురికి బయటికే పోతుంది. ఎలాగూ తర్వాత బ్లీడింగ్ చేస్తాం, ఆయిలు మొత్తం మారుస్తాం. గ్లైకాల్ ఆయిలు గాల్లో తేమను పీల్చుకుంటూ ఉంటుంది. కొత్త డాట్ 4 ఆయిలు మరగాలంటే కనీసం 230 డిగ్రీలు కావాలి. తేమ 3.7 శాతానికి చేరాక 155 డిగ్రీలకే మరగొచ్చు. పట్టేసిన చక్రం వేడికి అది దూరమేమీ కాదు. పైగా ఆ తేమే లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. బయటి నీళ్లకు బూటు అడ్డం, లోపలి నీళ్లకు రెండేళ్లకోసారి ఆయిలు మార్చడమే అడ్డం.

మావయ్య: ఇది నీ సర్వీస్ సెంటర్ పాఠమే అయినా బాగుంది. నేను హోసును గ్రిప్ ప్లయర్‌తో నొక్కి పట్టేవాణ్ణి.

అల్లుడు: లోపలి గోడ చితుకుతుందని ఇందాక నువ్వేగా చెప్పావు!

మావయ్య: ఇందాక చెప్పింది ఉబ్బడం గురించి.

అల్లుడు: రెంటికీ ఫలితం ఒకటే.

మావయ్య: సరే, సరే. తిప్పు. సవ్యంగా, నొక్కుతూ. అన్ని బండ్లకూ ఇదే అనుకోకు, కొన్నింటికి ఎడమవైపు కాలిపర్ అపసవ్యంగా తిరగాలి. పోవట్లేదని బలం పెంచేముందు దిక్కు సరిచూసుకో. తిప్పేటప్పుడు బూటు పిస్టన్‌తోపాటు మెలిపడుతుంది, పెదవికి కాస్త రబ్బరు గ్రీజు రాయి. కొన్ని జపాన్ బండ్లలో ప్యాడ్ వెనక చిన్న బొడిపె ఉంటుంది. అది పిస్టన్ ముఖం మీది గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే ప్యాడ్ వంకరగా అరుగుతుంది. దీనికి ఆ బెడద లేదు.

అల్లుడు: నిన్న ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు బండి ఒకటొస్తే దానికీ ఈ టూలే తీశావటగా?

మావయ్య: తీశా. కుర్రాళ్లు ఆపారు.

అల్లుడు: ఆపారు కాబట్టి సరిపోయింది. అందులో కేబులు లేదు. కాలిపర్ వెనక మోటారు ఉంటుంది, అది నట్టును నడిపి పిస్టన్‌ను నొక్కుతుంది. స్కానర్ పెట్టి సర్వీస్ మోడ్‌లోకి పంపితే మోటారు ఆ నట్టును వెనక్కి తీసుకుంటుంది. ఆ తర్వాత పిస్టన్‌ను తిప్పక్కర్లేదు, తిన్నగా నెడితే పోతుంది. నట్టు ముందుకు ఉండగా నెట్టినా, టూలు పెట్టి తిప్పినా మోటారు గేర్లు పోతాయి. అక్కడ చేతి అనుభవం పనికిరాదు మావయ్యా, స్కానర్ ఉండాల్సిందే.

మావయ్య: అక్కడ నీ మాటే నా మాట. కానీ పిస్టన్ తుప్పు పడితే స్కానర్ తుడవదు కదా?

(కొత్త బండ్లలో మోటారొచ్చింది, కేబులు పోయింది. చదరపు సీలు, దాని గాడి, చిరిగే బూటు మాత్రం అలాగే ఉన్నాయి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలది. వెనక పిస్టన్లు తక్కువ ఒత్తిడితో, తక్కువ వేడితో రోజులు వెళ్లదీస్తాయి. అలా ఉన్నచోటే ఉండే పిస్టన్‌కు తుప్పు తొందరగా పడుతుంది. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక ఇంకా డ్రమ్ములే ఉండటం ఈ ఒక్క సంగతిలో ఓనర్లకు మేలే.)

అల్లుడు: పిస్టన్ ఎక్కింది. కాలిపర్ బిగిస్తున్నా. కేబులు తగిలించి హ్యాండ్ బ్రేకు లాగి చూడనా?

మావయ్య: ముందు కాలిబ్రేకు. బ్లీడింగ్ అయ్యాక పెడలు గట్టిపడేదాకా తొక్కు. పిస్టన్ వచ్చి ప్యాడ్‌ను పట్టుకోవాలి, లోపలి స్క్రూ సర్దుకోవాలి. ఆ తర్వాతే కేబులు. ముందే కేబులు బిగిస్తే లివరు ఆపు దగ్గరికి రాదు, సర్దుబాటు మొదలే కాదు. పెడలు తొక్కకుండా బండి కదిపితే ఎదురుగా ఉన్న గోడే బ్రేకు.

అల్లుడు: ఇన్ని చేశాం. ఇప్పుడు లెక్క చూడు. కిట్, పిస్టన్ కలిపినా కొత్త కాలిపర్‌లో కొద్ది వంతే, ఒప్పుకుంటా. కానీ మనిద్దరికీ పూట గడిచింది. కొత్తదైతే గంటలో అయ్యేది. ఆ పూట కూలి బిల్లులో వేస్తే ఓనరు ఇస్తాడా?

మావయ్య: ఇవ్వడు. చేతిపనికి డబ్బు అడిగితే బేరమాడతాడు, డబ్బాలో వచ్చిన వస్తువుకైతే మాట్లాడకుండా ఇస్తాడు. కాలిపర్లు మార్చెయ్యడం ఇంతలా పెరగడానికి ఇదీ ఒక కారణం. మీ సర్వీస్ సెంటర్లను మాత్రమే అనలేను.

అల్లుడు: వాళ్లకు ఇంకో కారణం ఉంది. మార్చిన వస్తువుకు వారంటీ రాసివ్వొచ్చు. నువ్వు చేసిన ఈ పనికి ఏం రాసిస్తావు? ఈ బండికి పదిహేనేళ్లు నిండాయి. రీ-రిజిస్ట్రేషన్‌కు తీసుకెళ్తాడు, అక్కడ బ్రేకులు చూస్తారు.

మావయ్య: ఏం చేశామో, ఏం చూశామో రాసిస్తా. పిస్టన్ మార్చాం, సీలు మార్చాం, బోరు గోడ మీద మచ్చలున్నాయి, గాడి శుభ్రంగా ఉంది, స్క్రూ నునుపుగా తిరిగింది. వెయ్యి కిలోమీటర్లు నడిపి తీసుకురమ్మంటా. రెండు చక్రాల వేడీ నీ థర్మామీటర్‌తోనే మళ్లీ చూద్దాం. తేడా ఉంటే కొత్త కాలిపర్ కొనుక్కోమని నేనే చెప్తా, నా కూలి వదిలేస్తా.

అల్లుడు: కూలి వదిలేస్తే నాకు జీతం ఎవరిస్తారు?

మావయ్య: అందుకే తేడా రాకుండా చెయ్యి. ఎడమ చక్రం విప్పావా?

అల్లుడు: అది బాగానే ఉంది కదా, వేడెక్కట్లేదు.

మావయ్య: దానికీ మొన్న ప్యాడ్లు మార్చారుగా. అదీ అదే నీళ్లలో ఉంది. బూటు ఎలా ఉందో చూడు. చిరక్కపోతే కడిగి మూసెయ్. చిరిగితే పెడలు మీద నేను కూర్చుంటా, పిస్టన్ దగ్గర నువ్వు ఉండు.